కొత్త బ్యారెలా, వేరే పెల్లెట్లా? పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి ఏది మేలు

"బ్యారెల్ పోయినట్టుంది బామ్మర్దీ, జర్మనీ నుంచి కొత్తది తెప్పిద్దామా?" అని మా బావ ఫోన్ చేశాడు. మా మేనకోడలు కర్నూలులో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పీసీపీ మ్యాచ్ రైఫిల్ ఆమెది, అంటే సిలిండర్‌లో ముందే నింపిన గాలితో పేలే పోటీ రైఫిల్. రెండు నెలలుగా టార్గెట్ మీద పది పాయింట్ల షాట్లు తగ్గి తొమ్మిదులు, అక్కడక్కడా ఎనిమిదులు పడుతున్నాయి. బావ రాత్రుళ్లు మేలుకొని అమెరికావాళ్ల బ్యారెల్ వీడియోలు చూసీ చూసీ, స్టెయిన్‌లెస్ ఉక్కు మంచిదా, క్రోమ్‌మోలీ ఉక్కు మంచిదా అనేదాకా వెళ్లిపోయాడు.

ఆ వీడియోల్లోది వేరే కథ. 6.5 క్రీడ్‌మూర్ లాంటి మందుగుండు తూటా పేలినప్పుడు పుట్టే వేడి గ్యాస్, రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలి గాళ్లు) మొదలయ్యేచోట ఉక్కును తినేస్తుంది. కొన్ని వేల రౌండ్లకే గురి చెదురుతుంది. వాళ్లకు బ్యారెల్ అంటే మనకు బండి టైరు లాంటిది, అరిగితే మార్చాల్సిందే. ఎయిర్ రైఫిల్లో మంటే లేదు. అర గ్రాముకు కాస్త ఎక్కువ బరువుండే మెత్తటి సీసం పెల్లెట్, సెకనుకు 170 మీటర్లకు అటూ ఇటూ వేగంతో పోతుంది. దానికి ఉక్కు ఎక్కడ అరుగుతుంది? 1970ల నాటి ఫైన్‌వెర్క్‌బావ్ 300 ఎయిర్ రైఫిళ్లు పాత బ్యారెల్‌తోనే ఇప్పటికీ గురిగా కొడుతున్నాయి.

అయినా మాటలతో తేలేది కాదని ఆదివారం వెళ్లాను. వాళ్లింటి వసారా సరిగ్గా సరిపోయేంత పొడుగుంది. చివర ఇనుప పెల్లెట్ ట్రాప్ పెట్టి, పక్క తలుపులకు గడియ వేసి, బేతంచెర్ల నాపరాయి బల్ల మీద ఇసుక సంచులు పేర్చి రైఫిల్‌ను ఆనించాం. అలా పెడితే తప్పు రైఫిల్‌దా, మనిషిదా అన్నది కొంతైనా తెలుస్తుంది.

ఇక్కడ చిన్న లెక్కుంది. టార్గెట్ మీద పది అంటే 0.5 మిల్లీమీటర్ల చుక్క. పెల్లెట్ రంధ్రం 4.5. రంధ్రం అంచు చుక్కను తాకితే చాలు, పదే. అంటే గ్రూప్ (షాట్లన్నీ కలిసి పడ్డ గుంపు) మొత్తం బయటి అంచు నుంచి అంచుకు 9.5 మిల్లీమీటర్ల లోపు ఉండి, చుక్క మధ్యలో కూర్చుంటే అన్నీ పదులే. ఇప్పుడు దశాంశాల్లో లెక్కిస్తారు, షాట్‌కు 10.9 దాకా, 60 షాట్లకు గరిష్ఠం 654, కాబట్టి ఇంకా బిగువుగా ఉంటే మంచిదే. కానీ ఎనిమిదుల్ని బ్యారెల్ మీద తోయాలంటే బల్ల మీద కూడా అంత చెదరాలి కదా.

మొదటి పది షాట్లు 11 మిల్లీమీటర్లు వచ్చాయి. బావ మొహం వెలిగింది. నేను బ్యారెల్ బిగించే స్క్రూలు చూశాను, ఒకటి వదులుగా ఉంది. దాన్ని బిగించి, ఫెల్ట్ పెల్లెట్లతో (శుభ్రం చేసే ఉన్ని ఉండలు) లోపల శుభ్రం చేసి, గొట్టానికి మళ్లీ సీసం పూత పట్టేదాకా ముప్పై షాట్లు వదిలేసి కొలిస్తే 9కి వచ్చింది. తర్వాత పెల్లెట్లు. పైకి అన్నీ 4.5 అనే అంటారు గానీ తల కొలత 4.48 నుంచి 4.52 దాకా ఉంటుంది. ఏ బ్యారెల్‌కి ఏది నప్పుతుందో పేల్చి చూడాల్సిందే. ఆమె వాడుతున్నది 4.52. 4.50 వేస్తే గ్రూప్ 7కి దిగింది. ఒకే కంపెనీ, ఒకే రకం డబ్బా! నప్పింది దొరికితే అదే బ్యాచ్ నంబరువి నాలుగైదు డబ్బాలు కొని పెట్టుకోవాలి.

మరి బ్యారెల్ ఎప్పుడు మార్చాలి? లోపల తుప్పు పట్టినా, వంగినా, క్రౌన్ (పెల్లెట్ బయటికొచ్చే మూతి అంచు) దెబ్బ తిన్నా. క్రౌన్ చుట్టూ దూదిపుల్ల తిప్పితే పోగు తట్టుకునే చోట గరుకుంటుంది. మాదానికి ఏమీ లేదు. కొత్తది తెచ్చినా గాలి వచ్చే రంధ్రం, బ్రీచ్‌లో (పెల్లెట్ పెట్టే చోట) గాలి కారకుండా ఆపే ఓ-రింగ్, క్రౌన్ అన్నీ కుదరాలి, పెల్లెట్ వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది. ఊళ్లో లేత్ వర్క్‌షాపుకి మాత్రం ఇవ్వొద్దు, పనివాడు ఎంత నేర్పరైనా సరే. ఇంకో మాట: 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బ్యారెల్ రంధ్రం 4.5 మిల్లీమీటర్లు దాటినా, పెల్లెట్ శక్తి 20 జౌళ్లు దాటినా ఎయిర్ రైఫిల్‌కీ లైసెన్స్ కావాలి. "ఎలాగూ మారుస్తున్నాం కదా, 5.5ది వేద్దాం" అనే సలహా వినకండి.

బల్ల మీద 7 వచ్చిన రైఫిల్‌తో పాప నిలబడి కొడితే మళ్లీ ఎనిమిదులు. అప్పుడు గమనించాం, రెండేళ్లలో పిల్ల నాలుగు వేళ్లు పొడుగైంది గానీ భుజానికి ఆనే బట్ ప్లేటూ చెంప ఆనే చీక్ పీసూ కొన్ననాటి చోటే ఉన్నాయి. మెడ వంచి చూస్తోంది పాపం. రెండూ జరిపేసరికి మధ్యాహ్నమైంది, ఖర్చు సున్నా. తొలిరోజు ఆమెకు అస్సలు నచ్చలేదు. నాలుగో రోజు నుంచి ఎనిమిది పడలేదని బావే చెప్పాడు.

బ్యారెల్ కోసం పక్కన పెట్టిన డబ్బు మాత్రం మిగల్లేదు. గాలి సిలిండర్ మీద తయారీ తేదీ చూస్తే పదేళ్ల గడువుకి ఇంకా ఏడు నెలలే ఉంది. గడువు దాటితే పోటీల్లో ఒప్పుకోరు, 200 బార్ ఒత్తిడి కాబట్టి ఇంట్లో ఉంచుకోవడమూ భయమే. కొన్నప్పుడు అమ్మినతను ఆ మాటే ఎత్తలేదు. బావ ఇప్పుడు రాత్రుళ్లు సిలిండర్ వీడియోలు చూస్తున్నాడు.