కొలోన్ బ్రౌహౌస్: గ్లాసు మీద అట్ట పెట్టేదాకా బీరు ఆగదు

జర్మనీలోని కొలోన్‌లో కేథడ్రల్ గోపురం 533 మెట్లూ ఎక్కి దిగి, దాహంతో పక్కవీధి బ్రౌహౌస్‌లో కూర్చున్న మనవాళ్లు చాలామంది బయటికొచ్చి ఒకటే మాట అంటారు: "అడక్కుండా బీరు తెచ్చి పెట్టి బిల్లు బాదేశారు." ఆ మాట అన్యాయం. అక్కడి పద్ధతి ముందే తెలిసుంటే కేథడ్రల్ చుట్టుపక్కల అంత నిజాయితీగా లెక్క చెప్పే చోటు ఇంకోటి లేదు.

బ్రౌహౌస్ అంటే బీరు కాచే ఇల్లు. పోసేది కోల్ష్, లేత పసుపు బీరు. కొలోన్, ఆ చుట్టుపక్కల కాచినదాన్నే ఆ పేరుతో అమ్మాలని 1986లో అక్కడి బ్రూవరీలు ఒప్పందం రాసుకున్నాయి. సన్నటి నిలువు గ్లాసులో 200 మిల్లీలీటర్లు పోస్తారు. నురగ త్వరగా పడిపోతుంది, వెచ్చబడితే రుచి చస్తుంది, అందుకే చిన్న గ్లాసు. పెద్ద గ్లాసు అడిగితే మొహం మాడ్చుకుంటారు.

తెచ్చేవాణ్ని కోబెస్ అంటారు. నీలం ఏప్రన్, చేతిలో గుండ్రటి స్టాండు. మన టీకొట్టు కుర్రాడు గ్లాసులు పెట్టుకొచ్చే తీగ స్టాండు లాంటిదే, మధ్యలో పిడి, చుట్టూ పదకొండో పన్నెండో గ్లాసులు. మీ గ్లాసు ఖాళీ కాగానే ఏమీ అడగడు. నిండుది పెట్టి, మీ గ్లాసు కింది అట్టముక్క అంచున పెన్సిలుతో ఒక గీత గీసి వెళ్తాడు. పాలవాడు గోడ మీద గీసే గీతల లెక్కే ఇది. చాలనుకుంటే ఆ అట్ట తీసి గ్లాసు మీద మూత పెట్టండి. ఖాళీ గ్లాసు ఊరికే ఉంచారంటే ఇంకోటి కావాలన్నట్టే లెక్క.

ఆ అట్టే మీ బిల్లు. పిల్లల చేతికివ్వొద్దు, దాని మీద రాయొద్దు, చింపొద్దు. నలుగురు వెళ్తే కూర్చోగానే "గెట్రెంట్" అనండి, విడివిడిగా అని అర్థం. లేదంటే అన్ని గీతలూ ఒకే అట్ట మీద పడి, రెండు తాగినవాడు ఆరు తాగినవాడి డబ్బు కట్టే గొడవ మొదలవుతుంది. కేథడ్రల్ చుట్టూ గ్లాసు రెండున్నర యూరోలకు అటూ ఇటూ ఉంటుంది. 2.40 అనుకుంటే తొమ్మిది గీతలు 21.60. డబ్బిచ్చేటప్పుడే "23" అని చెప్పండి, మిగతాది టిప్పు. బల్ల మీద చిల్లర వదిలి రావడం అక్కడి అలవాటు కాదు. కార్డు తీసుకోని పాత చోట్లు ఇంకా ఉన్నాయి, నోట్లు దగ్గరుంచుకోండి.

గ్లాసు మీద 0.2 లీటరు గీత చూడండి. నురగ దిగాక బీరు ఆ గీత కిందే ఉంటే నింపమని అడగొచ్చు, అది మీ హక్కు. మంచినీళ్లు మాత్రం ఉచితం అనుకోవద్దు. సీసా నీళ్లకు బీరు కన్నా ఎక్కువ పడొచ్చు. పైగా నీళ్లడిగితే కోబెస్ ఏదో ఒకటి అంటాడు. వాళ్ల మాట తీరే అంత, కోపం కాదు. బీరు తాగనివాళ్లు మొదట్లోనే వేరే డ్రింకు చెప్పేస్తే గొడవ ఉండదు.

తిండి దగ్గర శాకాహారులకు అసలు చిక్కు. "హాల్వె హాన్" అంటే మాటకు సగం కోడి. వచ్చేది మాత్రం రై అనే ధాన్యప్పిండి బన్ను, మందంగా కోసిన గౌడా చీజు, వెన్న, ఆవాల ముద్ద, ఉల్లిపాయ. మాంసం ఉండదు, ధైర్యంగా చెప్పండి. "కోల్షర్ కావియార్" పేరు చూసి చేప గుడ్లనుకోవద్దు, అది పంది రక్తంతో చేసిన సాసేజి. "హిమ్మెల్ ఉన్ ఏట్" ఆలూ ముద్ద, ఆపిల్ ముద్దే అయినా పైన అదే సాసేజి పడుతుంది. బంగాళాదుంప వేపుడు దగ్గర "ష్పెక్" అని ఉంటే పంది మాంసం ఉన్నట్టు. "రీబెకూఖెన్" అనే ఆలూ అట్లు ఆపిల్ గుజ్జుతో ఇస్తారు, కొన్నిచోట్ల శుక్రవారమే దొరుకుతాయి. అందులో గుడ్డు ఉంటుంది.

ఎక్కడికి వెళ్లాలంటే, ఫ్రూ 1904 నాటిది, కేథడ్రల్‌ను ఆనుకునే ఉంది. విశాలమైన హాళ్లు, పెద్ద కుటుంబంతో వెళ్తే తేలిక. కానీ బీరు ఇప్పుడు ఊరి చివరి ఫ్యాక్టరీలో కాచి తెస్తారు. ఫ్రీజెన్ వీధిలోని పెఫ్‌గెన్ 1883 నాటిది, అక్కడే కాచి పీపాలోంచి పోస్తారు. కేథడ్రల్ నుంచి పావుగంట పైన నడక, అయినా ఒక్కచోటికే వెళ్లే వీలుంటే అక్కడికే వెళ్లండి. నది ఒడ్డున ఫొటోల మెనూలు బయట పెట్టి పిలిచే చోట్లకు వద్దు.

ఖాళీ కుర్చీ కనిపిస్తే "ఇస్ట్ హీర్ ఫ్రై?" అని అడిగి కొత్తవాళ్ల బల్ల దగ్గరే కూర్చోవచ్చు. "ష్టామ్‌టిష్" అని బోర్డున్న బల్ల మాత్రం రోజూ వచ్చేవాళ్లది, దాని జోలికి పోవద్దు. మామూలు రోజుల్లో మూడు నుంచి ఐదు మధ్య వెళ్తే కోబెస్‌కు తీరిక ఉంటుంది. నవంబరు 11న కార్నివాల్ మొదలవుతుంది, ఆ రోజు బ్రౌహౌస్ ప్లాను పెట్టుకోకండి, నిలబడ్డానికి చోటు దొరకదు.