రైతుబంధు నుంచి రైతు భరోసా దాకా: తీసుకున్న రైతుగా నా లెక్క

మాది మూడెకరాల పన్నెండు గుంటలు. పత్తి ఎక్కువ, బోరు కింద కొంచెం వరి. 2018 మేలో ఊళ్లో కొత్త పాసుబుక్కుతో పాటు చెక్కు చేతికిచ్చినప్పటి నుంచి తెలంగాణ సర్కారు ఇచ్చే రైతుబంధు పెట్టుబడి సాయం తీసుకుంటున్నాను. అప్పుడు సీజన్‌కు ఎకరాకు 4 వేలు, అంటే మాకు 13,200. మరుసటి ఏడు 5 వేలు చేశారు. ఇప్పుడు రైతు భరోసా పేరుతో 6 వేలు, అంటే మాకు 19,800.

ఎంత పడుతుందన్నది సరే, ఎప్పుడు పడుతుందన్నదే అసలు సంగతి. పత్తికి ఎకరాకు రెండు ప్యాకెట్ల విత్తనం కావాలి. 2025లో బీజీ-2 (బీటీ పత్తి విత్తనం) ప్యాకెట్ 901 రూపాయలు, డీఏపీ ఎరువు బస్తా 1,350. పొలమంతా పత్తే పెడితే ఏడు ప్యాకెట్లు, నాలుగు బస్తాలకు 11,700 దాకా అవుతాయి. 19,800లో మిగిలింది ట్రాక్టర్ కిరాయికి. చేతిలో పైసలుంటే దుకాణంలో నాకు కావాల్సిన రకం అడిగి తెచ్చుకుంటాను. లేదంటే ఉద్దెరే. ఉద్దెర పెడితే వాళ్లిచ్చిన విత్తనమే వేయాలి, మిత్తి కట్టాలి, చివరికి పత్తి కూడా వాళ్లు చెప్పిన రేటుకే తూకం వేయాలి.

2024 వానాకాలం డబ్బులు అసలే రాలేదు, మేం ఉద్దెర మీదే గట్టెక్కాం. 2025 జనవరి 26న రైతు భరోసా మొదలైంది, కానీ అప్పటికి యాసంగి నాట్లు చాలావరకు అయిపోయాయి. అదే ఏడు జూన్‌లో మాత్రం తొమ్మిది రోజుల్లో అందరికీ వేసేశారు. ఆ ఒక్కసారి నేను నిజంగా మెచ్చుకున్నాను.

వేసే పద్ధతి ఎకరం లోపు వాళ్లతో మొదలై పైకి పోతుంది. ఆ రోజుల్లో చాయ్ హోటల్ దగ్గర ఒకటే ముచ్చట: "ఎన్ని ఎకరాల దాకా పడ్డాయంట?" రెండెకరాల దాకా పడ్డాయంటే నాకు ఫోన్ చూసుకునే టెన్షన్ మొదలు. ఒకసారి మెసేజ్ వచ్చిందని బ్యాంకుకు పోతే పాత పంట రుణం కింద పట్టుకున్నారు. అలా పట్టుకోవద్దని సర్కారు చెప్పిందని ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి)తో ఫోన్ చేయించాకే వదిలారు.

పీఎం కిసాన్ వేరే కథ. ఏడాదికి మూడుసార్లు 2 వేల చొప్పున, ఈకేవైసీ సరిగ్గా ఉంటే పడిపోతుంది. ఎరువుల ఖర్చుకు ఆనదు గానీ నమ్మకంగా వస్తుంది. అయితే 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి కొన్నవాళ్లకు రాదు. మా బామ్మర్ది 2020లో ఎకరంన్నర కొన్నాడు. అతనికి రైతు భరోసా వస్తుంది, కిసాన్ రాదు.

ఎవరూ పెద్దగా మాట్లాడని రైతుబీమాకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు చనిపోతే నామినీకి 5 లక్షలు, ప్రీమియం సర్కారే కడుతుంది. మా వాడకట్టులో ఒక ఇంటికి వచ్చాయి, ఆ డబ్బుతోనే అప్పులవాళ్లు గడప దిగారు. నామినీ పేరు మాత్రం ముందే సరిచూసుకోండి.

గుట్టలకు, వెంచర్లకు, రోడ్లలో పోయిన భూములకు రైతు భరోసా ఆపడం మంచిదే. కౌలు సంగతే ఎటూ తేలలేదు. 2023 ఎన్నికలప్పుడు ఏడాదికి ఎకరాకు 15 వేలు, కౌలు రైతులకు కూడా ఇస్తామన్నారు. ఇస్తున్నది 12 వేలు, అదీ పట్టా ఉన్నవాళ్లకే. నేను రెండెకరాలు కౌలుకు చేస్తాను. ఆ భూమి సారు హైదరాబాద్‌లో ఉంటారు. సాయం ఆయన ఖాతాలో పడుతుంది, కౌలులో రూపాయి తగ్గదు. యూరియా కోసం లైన్‌లో నిలబడేది నేనే.