తుపాకీ చిట్టాకు ఏది పనికొస్తుంది: బైండు పుస్తకమా, ఫోను షీటా, యాప్‌లా?

"నంబరు లైసెన్సులో ఉందిగా, మళ్ళీ చిట్టా దేనికి?" అని లైసెన్సుదారుల్లో ఎక్కువమంది అడుగుతారు. ఆ లైసెన్సు చాలా ఇళ్ళలో తుపాకీ సంచి జేబులోనే ఉంటుంది. పోతే రెండూ కలిసే పోతాయి. అదటుంచితే, లైసెన్సులో ఉండేది రకం, బోరు (గొట్టం లోపలి కొలత), నంబరు. బట్టు (భుజానికి ఆనించే చెక్క) మీద చీలిక ఎక్కడుంది, గొట్టం లోపల తుప్పు మచ్చలున్నాయా, ఎన్నికలప్పుడు పోలీసు స్టేషన్లో డిపాజిట్ చేసి మళ్ళీ ఎప్పుడు తెచ్చుకున్నారు, ఇంట్లో తూటాలు ఎన్ని మిగిలాయి అన్నది అందులో దొరకదు. దొంగతనం జరిగిన పూట పోలీసులకూ, తర్వాత బీమా సర్వేయరుకూ కావాల్సింది ఇదే. అందుకే మూడు పద్ధతులనూ ఆ రెండు సందర్భాలకు పనికొస్తాయా లేదా అన్న లెక్కలోనే చూశాం.

నెల్లూరు, ప్రకాశం వైపు ఇళ్ళలో కనిపించేవి ఎక్కువగా పన్నెండు బోరు సింగిల్ బ్యారెల్, డబుల్ బ్యారెల్ తుపాకులు. తీరం వెంట రొయ్యల చెరువుల వాళ్ళు, నల్లమల అంచున పంట కాపలా లైసెన్సులు తీసుకున్న రైతులు, బ్యాంకుల దగ్గర గార్డులుగా చేసే మాజీ సైనికులు వీటిని పెట్టుకుంటారు. 2019 ఆయుధ చట్ట సవరణతో ఒక్కొక్కరికి మూడున్న పరిమితి రెండుకు తగ్గింది. అయినా తండ్రి, ఇద్దరు కొడుకులు ఉన్న ఉమ్మడి ఇంట్లో ఆరు ఉండొచ్చు. ఎవరి లైసెన్సు మీద ఏది ఉందో కలగాపులగం అయ్యేది అలాంటి ఇళ్ళలోనే.

బైండు పుస్తకం: 10కి 8

స్టేషనరీ షాపులో అట్ట బైండింగుతో దొరికే రూళ్ళ లాంగ్ బుక్కు చాలు. రెండు వందల పేజీలది అక్కర్లేదు, 96 పేజీలది కొనండి. కుట్టు బైండింగు ఉందో లేదో మధ్య పేజీ తెరిచి దారం చూసుకోండి. స్పైరల్ పుస్తకం, ఫైలులో విడి కాగితాలు వద్దు. పేజీ తీసేస్తే తెలియని పుస్తకాన్ని సర్వేయరు నమ్మడు. కొన్న రోజే పేజీలన్నిటికీ చేత్తో నంబర్లు వేయండి.

ఒక్కో తుపాకీకి ఎదురెదురుగా రెండు పేజీలు ఇవ్వండి. ఎడమ పేజీలో మారనివి: ఎవరి లైసెన్సు, యూఐఎన్ (లైసెన్సుదారుకు ఇచ్చే విశిష్ట గుర్తింపు సంఖ్య), తయారీ, బోరు, తూటా కూర్చునే గది పొడవు (65 మిల్లీమీటర్లా, 70 మిల్లీమీటర్లా అన్నది గొట్టం అడుగున కొట్టి ఉంటుంది), గొట్టం పొడవు, నంబరు ఎన్నిచోట్ల ఉందో అన్నీ, కొన్న తేదీ, బిల్లు నంబరు, ధర. కుడి పేజీలో కదలికలు: తేదీ, ఎక్కడికి వెళ్ళింది, ఎవరు తీసుకున్నారు, రసీదు నంబరు, వెళ్ళేటప్పుడు ఎలా ఉంది, వచ్చేటప్పుడు ఎలా ఉంది. ఎన్నికల డిపాజిట్ వ్యవహారం మొత్తం ఈ కుడి పేజీదే. 2024 ఎన్నికలప్పుడు నెలల తరబడి నూనె గుడ్డ తగలని తుపాకులకు తీరం గాలితో గొట్టం మూతి దగ్గర ఎర్రటి తుప్పు పట్టడం కొత్తేం కాదు. "ఇచ్చినప్పుడు గొట్టం నున్నగా ఉంది, ఫోటో నంబరు 14" అని ముందే రాసి ఉంటేనే ఆ మాట నిలబడుతుంది.

తూటాలకు పుస్తకం వెనక వైపు నుంచి వేరే లెక్క: కొన్నవి, కాల్చినవి, మిగిలినవి. ఎల్‌జీ, ఎస్‌జీ, బీబీ, నాలుగో నంబరు అని (ఇవి తూటా లోపలి గుళ్ళ సైజుల పేర్లు) ఏ రకానికి ఆ రకం విడిగా. ఇత్తడి అంచుకు చిలుము పట్టినవి, కేసు ఉబ్బినవి ఎన్నో ఆ గడిలోనే గుర్తు పెట్టండి. అవి లెక్కలో ఉన్నా తుపాకీలో పెట్టకూడనివి.

దీనికి కోసిన రెండు మార్కులు నీళ్ళకూ చెదలకూ. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు, పడుగుపాడు వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చినప్పుడు కింది అరల్లోని కాగితాలకు ఏం జరిగిందో అక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. జెల్ పెన్నుతో రాసింది తడిస్తే నీలం మరకే మిగులుతుంది. నూనె సిరా ఉండే మామూలు బాల్‌పెన్నుతో రాసింది తడిసి ఆరినా చదవొచ్చు. థర్మల్ కాగితం మీద వచ్చిన బిల్లులు ఏడాది తిరిగేసరికి తెల్లబడతాయి. వాటిని జిరాక్సు తీయించి అంటించండి, అసలు కాగితం ఒక్కటీ అంటించి వదిలేయొద్దు. పుస్తకాన్ని జిప్ కవరులో పెట్టి పై అరలో, తుపాకీ లేని బీరువాలో ఉంచండి. రెండూ ఒకే బీరువాలో ఉంటే రాసినదంతా దొంగ చేతికే.

ఫోను షీటు: 10కి 6

గూగుల్ షీట్స్ లాంటిది ఉచితం, వెతకడం సులువు, ఎప్పుడు ఏది మార్చారో చరిత్ర దాచుకుంటుంది. ఆఖరిది బీమా వివాదంలో అక్కరకొచ్చే గుణమే. కానీ తుపాకీ లెక్కలో దీనికి రెండు తిక్కలు ఉన్నాయి.

మొదటిది, నంబరు ముందున్న సున్నాలు మింగేస్తుంది. 00457 అని కొడితే 457 మిగులుతుంది. రెండోది ఇంకా పాడుది. యూఐఎన్‌లో 18 అంకెలుంటాయి. షీటు దాన్ని సంఖ్య అనుకుని పదిహేను అంకెలు మాత్రం ఉంచుకుని మిగతావి సున్నాలు చేస్తుంది. చూడటానికి నంబరు నిండుగానే ఉంటుంది, ఆఖరి మూడు అంకెలు మాత్రం అబద్ధం. ఆ నంబరే ఫిర్యాదులోకి ఎక్కితే సరిచేయించడానికి మళ్ళీ తిరగాలి. ఒక్క అంకె కూడా కొట్టకముందే ఆ నిలువు వరుసల ఫార్మాట్‌ను ప్లెయిన్ టెక్స్ట్‌కు మార్చాలి. కొట్టాక మార్చితే పోయిన అంకెలు తిరిగిరావు.

తేదీలో 03/04 అని వేయొద్దు, నెల పేరు అక్షరాల్లో రాయండి. ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, ఇంట్లో ఇంకొకరికి చూసే హక్కు మాత్రమే ఇవ్వండి.

విదేశీ యాప్‌లు: 10కి 2

అమెరికా వాళ్ళ చట్టానికి, వాళ్ళ డీలర్ల పద్ధతికి చేసినవి. ధర డాలర్లలో. యూఐఎన్‌కు గడి ఉండదు, డిపాజిట్ రసీదుకు గడి ఉండదు, లైసెన్సు ఎవరిదన్న ప్రశ్నే రాదు. ఇంట్లో ఏ ఆయుధం ఎక్కడుందో ఎక్కడో సర్వర్లో పెట్టడం తప్ప ఒరిగేది లేదు.

ఫోటోలు: ఏ పద్ధతైనా తప్పనివి

ముందు తుపాకీ తెరిచి తూటా గది ఖాళీగా ఉందని కళ్ళతోనూ వేలితోనూ చూడండి. తూటాలు వేరే గదిలో ఉండాలి. పొడుగునా రెండు పక్కలా ఒక్కొక్క ఫోటో, పక్కన స్కేలు పెట్టి. తర్వాత నంబర్లు. చాలా పాత తుపాకుల్లో బాడీ మీద, గొట్టం అడుగున, ముందు చెక్క లోపలి ఇనుప ముక్క మీద కూడా నంబరు ఉంటుంది. మూడూ తీయండి. మూడింట్లో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఎప్పుడో గొట్టం మారిందన్నమాట, దాన్ని దాచకుండా రాసుకోండి. అరిగిన నంబరు కనబడకపోతే తెల్ల సుద్ద రుద్ది మెత్తటి గుడ్డతో పైపైన తుడవండి. సుద్ద గీతల్లో ఆగుతుంది. టార్చి లైటు ఎదురుగా వేస్తే మెరిసి ఏమీ పడదు, పక్కనుంచి ఏటవాలుగా వేయాలి. గీకుడు కాగితం మాత్రం తాకించొద్దు, గుర్తులు చెరిగిన ఆయుధం దగ్గరుండటం వేరే కేసు. పాత విలాయతీ తుపాకీ అయితే బర్మింగ్‌హామ్ కిరీటం ముద్ర, బెల్జియందైతే లియేజ్ వాళ్ళ ఈఎల్‌జీ కోడిగుడ్డు ముద్ర కూడా తీయండి. విలువ కట్టేవాళ్ళు వాటినే వెతుకుతారు.

కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నంబరు మసకబారుతుంది, డాక్యుమెంటుగా పంపాలి. పంపేది ఇంటివాళ్ళకే, కులం గ్రూపుకి కాదు.

బీమా వైపు నుంచి

ఎంత చక్కగా చిట్టా రాసినా పాలసీలో లేనిది రాదు. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష ప్రధానంగా అగ్ని, తుఫాను, వరద లాంటి వాటికి. అందులో దొంగతనం కవరు అలాంటి ప్రమాదం జరిగిన వారం లోపు, దాని వల్ల జరిగిన దొంగతనానికే. మామూలు రోజు ఇంట్లో పడ్డ దొంగకు విడిగా బర్గ్లరీ పాలసీ కావాలి. అక్కడ కూడా మెలిక ఉంది. పాలసీలో బలవంతంగా చొరబడటం అని రాసి ఉంటే తాళం పగిలిన జాడ ఉండాల్సిందేనని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. తాళం చెవి తెలిసిన పనిమనిషి తీసుకుపోతే ఆ పాలసీ పలకదు. తుపాకీని పేరు, నంబరుతో సహా షెడ్యూలులో రాయించే ఆల్ రిస్క్ పాలసీ దొరికితే అదే అడగండి. అందులో ఉన్న చిరునామా కూడా చూసుకోండి. చెరువు కాడ షెడ్డులో పెట్టిన తుపాకీకి నెల్లూరు ఇంటి పాలసీ వర్తిస్తుందని అనుకోవద్దు.

విలువ తక్కువ వేయించి ప్రీమియం మిగుల్చుకుందామంటే సగటు నిబంధన అడ్డొస్తుంది. లక్షన్నర విలువైన దాన్ని లక్షకు రాయిస్తే, అరవై వేల నష్టానికి నలభై వేలే ఇస్తారు. పాత విదేశీ తుపాకీకి లైసెన్సు ఉన్న ఆయుధ డీలరు దగ్గర విలువ పత్రం తీసుకుని, దాని జిరాక్సు ఎడమ పేజీకి అంటించండి.

పోయిందని తెలిసిన రోజే స్టేషనుకు వెళ్ళి, ఎడమ పేజీలోని వివరాలన్నీ ఫిర్యాదులో పడేలా చూడండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. లైసెన్సు ఇచ్చిన కార్యాలయానికి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. పోయిన తూటాల సంఖ్య వెనక పేజీల లెక్కతో సరిపోవాలి. ఒకటీ రెండూ తేడా వచ్చినా అడిగే ప్రశ్నలు మీ మీదికే తిరుగుతాయి.

తుపాకీ అమ్మేస్తే ఆ పేజీ చింపొద్దు. అడ్డంగా ఒక్క గీత కొట్టి, కొన్నవారి లైసెన్సు నంబరు, తేదీ రాసి, పక్కన ఇద్దరి సంతకాలు పెట్టించండి.