నీళ్ల ఖర్చు: అద్దెలో కలిపేయాలా, పోర్షన్‌కో మీటరు పెట్టాలా?

అద్దెలోనే కలిపేస్తే నెలనెలా రీడింగులు, లెక్కల గొడవ ఉండవు. చిక్కల్లా ఒకటే: ఫ్లష్ ట్యాంకు కారుతున్నా అద్దెకున్నవాళ్లు చెప్పరు. చప్పుడు లేకుండా కమోడ్‌లోకి జారే నీళ్లు వాళ్ల కంటపడవు, బిల్లు మాత్రం మీకొస్తుంది. ఇద్దరుండే పోర్షనూ ఆరుగురుండే పోర్షనూ ఒకే మొత్తం కడితే ఆ సణుగుడు వేరే.

మీటరుంటే లీకు దాగదు. కుళాయిలన్నీ కట్టేసి డయల్ మీది చిన్న చక్రం చూడండి. తిరుగుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. అనుమానం ఫ్లష్ ట్యాంకు మీదైతే అందులో నాలుగు చుక్కల రంగు వేసి, 15 నిమిషాలు ఫ్లష్ చేయకుండా ఆగండి. కమోడ్‌లో రంగు కనిపిస్తే చాలావరకు ట్యాంకు అడుగున ఉన్న రబ్బరు వాషర్ పోయినట్టు.

అయితే ముందు పైపులు చూసుకోవాలి. పోర్షన్ మొత్తానికి ఒకే లైను వస్తుంటే ఒక మీటరు చాలు. వంటింటికొకటి, బాత్‌రూముకొకటి చొప్పున పై ట్యాంకు నుంచి విడివిడిగా దిగుతుంటే అన్ని మీటర్లూ పెట్టాలి; అలాంటి ఇంట్లో కలిపేయడమే నయం.

బిగించేటప్పుడు బాణం గుర్తు నీళ్లు పారే వైపే ఉండాలి. మీటరుకు ముందు వాల్వు, జాలీ పెట్టించండి. ఇసుక చేరితే చక్రం బిగుసుకుపోయి రీడింగ్ తగ్గుతుంది. జాలీ మూసుకుపోతే ధార సన్నబడుతుంది, అప్పుడప్పుడు విప్పి కడగాలి.

చేరే రోజు రీడింగ్‌ను ఫొటో తీసి, అంకె ఒప్పందంలో రాయండి. పోర్షన్ల మీటర్ల మొత్తం ఇంటి మెయిన్ మీటరుతో అచ్చంగా కలవదు. ఆ తేడా, మెట్లు కడిగిన నీళ్లు ఎవరి ఖాతాలోకో కూడా అప్పుడే తేల్చుకోండి.