ప్రాజెక్ట్ రిపోర్ట్: సీఏతో రాయించుకోవాలా, క్లాసుకెళ్లి నేర్చుకోవాలా, మనమే రాసి చూపించుకోవాలా?

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో మాకు చిన్న అట్టపెట్టెల యూనిట్ ఉంది. ఈ మధ్య పెట్టెల కోసం వచ్చేవాళ్లకంటే ఒక ప్రశ్న పట్టుకుని వచ్చేవాళ్లే ఎక్కువయ్యారు. "లోన్‌కి ప్రాజెక్ట్ రిపోర్ట్ ఎవరి దగ్గర చేయిస్తే మంచిదమ్మా?" అని. పెట్టుబడి, ఖర్చులు, అమ్మకాల అంచనాలతో బ్యాంకుకి ఇచ్చే రిపోర్ట్ అది. మొన్న మా తోడికోడలు చేపల పచ్చళ్ల యూనిట్ పెడతానంటే, ఇద్దరం కలిసి ఉన్న దారులన్నీ చూసొచ్చాం. అందుకే అందరికీ కలిపి ఒకేచోట రాస్తున్నా. ముద్ర లోన్ అంటే ఏమిటి, చిన్న వ్యాపారాల ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఎలా చేసుకోవాలి లాంటివి ఇక్కడ చెప్పను. అడిగేవాళ్లందరికీ అవి ముందే తెలుసు.

మొదట సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) ఆఫీసు. ద్వారకానగర్ వైపు వెళ్తే వీధికొకటి కనిపిస్తుంది. ఆధార్, పాన్, మెషిన్ల కొటేషన్లు వాట్సాప్‌లో పంపితే చాలు, కొద్ది రోజుల్లో స్పైరల్ బైండింగ్ చేసిన రిపోర్ట్ చేతికొస్తుంది. బ్యాలెన్స్ షీట్, బ్రేక్ ఈవెన్ (లాభం, నష్టం రెండూ లేని అమ్మకాల స్థాయి), డీఎస్‌సీఆర్ (ఏడాది మిగులు ఆ ఏడాది కట్టాల్సిన వాయిదాలకి ఎన్ని రెట్లుందో చెప్పే అంకె) అన్నీ బ్యాంకు అడిగే వరుసలోనే ఉంటాయి. లోన్ పెద్దదై సీఎంఏ డేటా (పాత ఏళ్ల, రాబోయే ఏళ్ల లెక్కల పట్టికలు) అడిగితే సీఏ లేకుండా పని జరగడం కష్టం. సీఏల మీద నాకు కోపమేమీ లేదు, మా జీఎస్టీ రిటర్నులు వేసేది కూడా వాళ్లే.

కానీ ఆ రిపోర్ట్ తెరిచి చూడండి. మొదటి ఏడాది యూనిట్ కెపాసిటీలో 60 శాతం ఉత్పత్తి, రెండో ఏడాది 70, మూడో ఏడాది 80. పేపర్ ప్లేట్లకీ అదే, పిండి మిల్లుకీ అదే. ఏడాది అమ్మకాలని 12తో భాగిస్తే నెల అమ్మకాలు. మా తోడికోడలికి వచ్చిన మొదటి డ్రాఫ్ట్ కూడా ఇలాగే ఉంది. చూడ్డానికి చక్కగా ఉంది, డీఎస్‌సీఆర్ కూడా బ్యాంకులు సాధారణంగా కోరే 1.5 కంటే పైనే.

దాన్ని మా కాలనీలో ఉండే ఒక రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు గారికి చూపించాం. సర్వీసులో చాలాకాలం లోన్ల సెక్షన్‌లోనే పనిచేశారట. మొదటి పేజీలు తిప్పేసి, తిన్నగా అసంప్షన్స్ పేజీ (అమ్మకాలు, ఖర్చులు ఇంత ఉంటాయని అనుకున్న అంకెల పేజీ) దగ్గర ఆగారు. "అమ్మా, మే నెలలో నీకు వంజరం చేప ఎవరు తెచ్చిస్తారు?" అన్నారు.

విశాఖలో పుట్టి పెరిగినవాళ్లకి ఇది చెప్పాలా? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. మరబోట్లన్నీ ఫిషింగ్ హార్బర్‌లోనే కట్టేసి ఉంటాయి. తెప్పల మీద వచ్చే కాస్త చేప ఇళ్లకే చాలదు, రేటు కూడా అందనంత పైకి పోతుంది. మా తోడికోడలికి ఈ సంగతి చిన్నప్పటినుంచి తెలుసు. రిపోర్ట్ తయారుచేసిన ఆఫీసులో వాళ్లకీ తెలిసే ఉంటుంది. అయినా కాగితం మీద మే నెల అమ్మకాలు డిసెంబరుతో సమానంగా ఉన్నాయి. ఎందుకంటే ఆ అంకెలు వేసినవాళ్లకి ఆమె వ్యాపారంతో పనిలేదు, ఆమె ఏమో ఆ అంకెల జోలికి పోలేదు.

నా దృష్టిలో అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. అసంప్షన్స్ పేజీ ఎవరు నింపారు? మిగతా పేజీలన్నీ ఆ పేజీలోంచి పుట్టే లెక్కలే, ఎక్సెల్ చేసిపెడుతుంది. నాలుగు లక్షల లోన్, 11 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే నెల వాయిదా దాదాపు 8,700 రూపాయలు. చేప లేని రెండు నెలలకి కలిపి 17,400. దాని పైన షెడ్డు అద్దె, ఇద్దరు సహాయకుల జీతాలు. ఏడాది మొత్తానికి వేసే డీఎస్‌సీఆర్‌లో ఈ రెండు నెలల గుంత కనిపించదు. నెలవారీ నగదు లెక్క వేస్తే వెంటనే కనిపిస్తుంది. అది కనిపించాక ప్లాన్ మారిపోయింది. నిషేధం రోజుల్లో రొయ్యల పచ్చడి మీద నడపాలి, చెరువు రొయ్యకి వేట నిషేధంతో పనిలేదు. అయితే 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్య రైతులు ఎంత టెన్షన్ పడ్డారో చూశాం కాబట్టి, దానికి ఒక రేటు కాకుండా రెండు రేట్లు వేసి చూడాలి. జూన్ మధ్యలో బోట్లు తిరిగొచ్చాక కొనడానికి చేతిలో డబ్బు ఉంచుకోవాలి. మారటోరియం (వాయిదాలు మొదలయ్యే ముందు బ్యాంకు ఇచ్చే విరామం) కూడా వేసవి దాటేలా ముందే అడగాలి.

ఆ పెద్దాయన ఒక్క వాక్యం కూడా రాసివ్వలేదు, అన్నీ ప్రశ్నలే. కిలో చేపకి తల, తోక, ముల్లు పోతే ముక్కలెంత? వేయించాక ఎంత? సీసా పగిలితే ఎవరి ఖాతా? షాపువాడు సరుకు తీసుకుని ఎన్ని రోజులకి డబ్బిస్తాడు? వీటికి జవాబులు ఆమె దగ్గరే ఉన్నాయి, కొన్నింటికి వంటింట్లో తూకం వేసి చూసుకుంది. పెన్సిల్‌తో నిండిపోయిన ఆ కాగితాలనే మళ్లీ సీఏ దగ్గరికి తీసుకెళ్లి బ్యాంకు ఫార్మాట్‌లో పెట్టించింది. బ్రాంచిలో మేనేజర్ ఏ అంకె మీద వేలు పెట్టినా అదెక్కడినుంచి వచ్చిందో చెప్పగలిగింది. ఈ ఊళ్లో స్టీల్ ప్లాంట్, పోర్ట్, షిప్‌యార్డ్, బ్యాంకుల నుంచి రిటైరైనవాళ్లకి కొదవలేదు. లోన్ ఫైళ్లు చూసినవారు ఒక్కరు దొరికినా చాలు. మొహమాటపడకుండా అడగండి, చాలామంది సంతోషంగా చూసిపెడతారు.

ఇక ట్రైనింగ్. ఆటోనగర్‌లోనే ఎంఎస్ఎంఈ శాఖ వాళ్ల ఆఫీసు ఉంది, శిక్షణల వివరాలు అక్కడ అడగొచ్చు. గ్రామాల యువతకైతే బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాలు, అంటే ఆర్‌సెటీల్లో భోజనం, వసతితో సహా ఉచితం. అకౌంట్లు అసలేమీ రానివాళ్లకి ఇదే మంచి మొదలు, పెట్టుబడికీ వర్కింగ్ క్యాపిటల్‌కీ తేడా క్లాసులో కూర్చుంటేనే బుర్రకెక్కుతుంది. కొత్త యూనిట్లకి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎంఈజీపీ పథకంలో ఈడీపీ అనే వ్యాపార శిక్షణ ఎలాగూ ఉంటుంది. తిరకాసేమిటంటే, చాలామంది లోన్ శాంక్షన్ అయ్యాక సబ్సిడీ ఆగిపోకూడదని అందులో చేరతారు. ప్లాన్ రాయడం నేర్పే క్లాసుకి ప్లాన్ పాసయ్యాక వెళ్తే ఏం లాభం? వెళ్లేదేదో ముందే వెళ్లండి. రకరకాల వ్యాపారాల వాళ్లు ఒకే గదిలో ఉంటారు కాబట్టి మీ చేపలు, మీ మే నెల గురించి అక్కడ ఎవరూ విడిగా అడగరు. అదొక్కటే లోటు.

స్టార్టప్‌లకి అండగా ఉండే ఇంక్యుబేటర్లు, అంటే ఐఐఎం విశాఖపట్నంలోని ఫీల్డ్, ఆంధ్రా యూనివర్సిటీలోని ఏ-హబ్ గురించి కూడా అడుగుతున్నారు. యాప్, టెక్నాలజీ, బయటి ఇన్వెస్టర్ల సొమ్ము ఆలోచన ఉంటే అక్కడి మెంటర్లు బాగా పనికొస్తారు. ముద్ర లోన్‌తో పచ్చళ్లు పెట్టేవాళ్లకి అంత అవసరమా అంటే, నాకైతే అనిపించలేదు.

ఖాదీ కమిషన్ (కేవీఐసీ) వెబ్‌సైట్‌లో నమూనా ప్రాజెక్ట్ రిపోర్టులు ఉచితంగా దొరుకుతాయి, హెడ్డింగుల వరకు చూసుకోండి. యూట్యూబ్ వీడియోలూ, చాట్‌జీపీటీతో రాయించడమూ అంతే. 60, 70, 80 శాతాల కథ అక్కడా వినిపిస్తుంది.

ఫుడ్ ప్రాసెసింగ్ యూనిట్ అయితే చిన్న ఫుడ్ యూనిట్లకి కేంద్రం ఇచ్చే పీఎంఎఫ్ఎంఈ పథకం కింద డిస్ట్రిక్ట్ రిసోర్స్ పర్సన్లు (జిల్లాలో సాయానికి పెట్టినవాళ్లు) డీపీఆర్, అంటే ప్రాజెక్ట్ రిపోర్ట్ తయారీలో సాయం చేస్తారు. ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సబ్సిడీ. వాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఫీజు లోన్ శాంక్షన్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి ఫైలు కదిలించడంలో చురుగ్గానే ఉంటారు. మే నెల గురించి మాత్రం మీరే ఎత్తాలి.

సబ్సిడీలో ఇంత శాతం ఇస్తే రిపోర్ట్ నుంచి శాంక్షన్ దాకా అంతా మేమే చూసుకుంటాం అనే ఏజెంట్లని నేను లెక్కలోకే తీసుకోలేదు. పీఎంఈజీపీ దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ప్రభుత్వం ఏ ఏజెంటునీ పెట్టలేదు.