ఐదో, ఆరో తరగతులకు దూఖస్ స్కూల్స్ కలెక్షన్: ఒక టీచర్ రివ్యూ

ఐర్లండ్ ప్రైమరీ స్కూల్లో పెద్ద తరగతులకు చెప్పే టీచర్ ఎవరైనా ఒక్క వెబ్‌సైట్ పేరు చెప్పమంటే నేను దూఖస్ పేరే చెబుతాను. అది ఐర్లండ్ జానపద సంపదను ఉంచిన సైట్. అందులో 1930లలో బడిపిల్లలు రాసిన పేజీలుండే స్కూల్స్ కలెక్షన్ విభాగం చూడమంటాను. డబ్బు కట్టక్కర్లేదు, చదవడానికి లాగిన్ కూడా అవసరం లేదు. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడని పిల్లలకు సాయపడే ఈఏఎల్ టీచర్ని నేను. వర్క్‌షీట్ల సైట్లకు సొంత జేబులోంచి చందాలు కట్టే టీచర్లను రోజూ చూస్తుంటాను. 2023 నుంచి ప్రైమరీ పిల్లలకు పాఠ్యపుస్తకాలు ఉచితమయ్యాయి కానీ ఈ చందాల ఖర్చు మాత్రం చాలామందికి తప్పలేదు.

ఆ పేజీలు ఎలా వచ్చాయంటే, 1937 నుంచి 1939 దాకా జానపద కథలు, నమ్మకాలు సేకరించే ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ ఒక పెద్ద పని చేయించింది. పై తరగతుల పిల్లలు తాతల్ని, అమ్మమ్మల్ని, ఇరుగుపొరుగు ముసలివాళ్లని అడిగి, విన్నది విన్నట్టు కాపీ పుస్తకాల్లో రాశారు. ఏమేం అడగాలో టీచర్లకు చెప్పడానికి షాన్ ఓ సూలవాన్ ఒక చిన్న పుస్తకం తయారుచేశారు. 26 కౌంటీల్లోని (మన జిల్లాల్లాంటివి) దాదాపు 5,000 బడుల నుంచి సుమారు 7,40,000 పేజీలు పోగయ్యాయి. ఉత్తర ఐర్లండ్ ఆరు కౌంటీలు ఇందులో లేవు. ఆ పేజీలే ఇప్పుడు స్కాన్ చేసి పెట్టారు. చాలావాటికి వాలంటీర్లు టైప్ చేసిన పాఠం కూడా ఉంది.

రీడింగ్ పుస్తకాల్లోని పాఠాలు పెద్దవాళ్లు పిల్లల కోసం తయారుచేసినవి. ఇక్కడ మాత్రం ఒక పదకొండేళ్ల పిల్ల రాసిన పేజీని ఇంకో పదకొండేళ్ల పిల్ల చదువుతుంది. చాలా పేజీల్లో రాసిన పిల్ల పేరు, ఊరు, చెప్పిన పెద్దాయన పేరు, ఒక్కోసారి ఆయన వయసు కూడా ఉంటాయి. 'ఇది నిజమేనా మిస్?' అని క్లాసులో ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. ఎవరు చెప్పారు, ఆయనకు ఎలా తెలుసు, పక్క ఊళ్లో కూడా ఇలాగే చెప్పారా అని వెతకడం అక్కడే మొదలవుతుంది. చరిత్ర సిలబస్ కోరే ఆధారాల పరిశీలన అంటే ఇదే కదా.

నాకు బాగా పనికొచ్చింది వాతావరణం గురించిన పేజీలు. పిచుకలాంటి స్వాలో పక్షులు నేలకు దగ్గరగా ఎగిరితే వాన. చిమ్నీలోంచి మసి రాలితే వాన. పిల్లి మంటకు వీపు పెట్టి కూర్చుంటే గాలివాన. ఇవి చదివాక, 1937లో ఇచ్చిన హోంవర్కే మా పిల్లలకు ఇస్తాను: ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాసుకు రండి, మీ భాషలో అడగండి, ఇంగ్లిష్‌లో రాయండి. అమ్మమ్మ దేశంలో లేకపోతే ఫోన్ చేయండి. ఒక తెలుగు అమ్మాయి తూనీగలు కిందుగా ఎగిరితే, చీమలు గుడ్లు మోసుకుపోతే వానొస్తుందని రాసుకొచ్చింది. స్వాలోలు, తూనీగలు రెండూ కిందికే ఎందుకు దిగుతాయని పోలండ్ పిల్లాడు అడిగాడు. ఆ ప్రశ్నతోనే మా తర్వాతి సైన్స్ పాఠం నడిచింది. ఇంగ్లిష్ తక్కువ వచ్చిన పిల్లల దగ్గర కూడా క్లాసుకు చెప్పడానికి ఏదో ఒకటి ఉండటం ఈ హోంవర్క్‌లో నాకు అన్నిటికంటే ఇష్టం.

ఇబ్బందులూ తక్కువేం కాదు. కలిపిరాత చదవడం ఈఏఎల్ పిల్లలకు కష్టం, కాబట్టి టైప్ చేసిన పాఠం పక్కన పెట్టుకోవాల్సిందే. అందులో ఆనాటి పిల్లల స్పెల్లింగ్ తప్పులు అలాగే ఉంటాయి. ఐరిష్ భాషలో రాసిన పేజీలు చాలావరకు పాత లిపిలో ఉన్నాయి. ఇప్పుడు 'హెచ్' రాసేచోట అప్పుడు అక్షరం మీద చుక్క పెట్టేవారు, స్పెల్లింగులూ 1958లో వచ్చిన ప్రామాణిక రూపానికి ముందువి. ఐరిష్ పీరియడ్‌లో నేరుగా ఇస్తే పిల్లలు తికమకపడతారు.

ఇంకా ముఖ్యమైన సంగతి, ఇది పిల్లల కోసం ఏరి కూర్చిన సైట్ కాదు. ఐర్లండ్‌లో తరతరాలుగా ఊరూరా తిరుగుతూ బతికిన ట్రావెలర్ల సముదాయం గురించి ఆనాటి చిన్నచూపు కొన్ని పేజీల్లో కనిపిస్తుంది. నా క్లాసులో ట్రావెలర్ పిల్లలు ఉన్నా లేకపోయినా అలాంటి పేజీని ముందుమాట లేకుండా ఎవరి చేతికీ ఇవ్వను. వైద్యాల పేజీలు సరదాగా ఉంటాయి, పులిపిరికి నత్తను రుద్ది ముల్లుకు గుచ్చడం లాంటివి. ఇంట్లో ప్రయత్నించొద్దని మాత్రం గట్టిగా చెప్పాలి. వెతికితే వందల ఫలితాలు వస్తాయి, వాటిలోంచి నాలుగు ఏరడానికి ఒక సాయంత్రం పడుతుంది. టీచర్ టైమ్ లెక్కేస్తే ఇది ఉచితం కాదు.

అయినా ఐదుకు నాలుగున్నర ఇస్తాను. మొదటిసారి చూసేవాళ్లు అంశం పేరుతో కాకుండా కౌంటీ పేరుతో మొదలుపెట్టి, మీ స్కూలుకు దగ్గర్లోని పాత బడిని వెతకండి. పిల్లలకు తెలిసిన వీధి, బావి, కొండ పేరు కనిపిస్తే మిగతా పేజీ వాళ్లే చదివేస్తారు. మూడో తరగతి, అంతకంటే చిన్నవాళ్లకు పేజీలు పంచొద్దు, ఒక కథ చదివి వినిపిస్తే చాలు.