సైక్లోస్పోరిన్ దారి, నిసిన్ దారి: ఏది మేలు?

మూత్రపిండ మార్పిడి తర్వాత వాడే మందుల్లో ఒకటైన సైక్లోస్పోరిన్, చీజ్ చెడిపోకుండా కలిపే నిసిన్, రెండూ సూక్ష్మజీవులు అమైనో ఆమ్లాలను గుచ్చి అల్లినవే అయినా ఆ అల్లికల్లో పోలిక చాలా తక్కువ.

టోలిపోక్లాడియం ఇన్‌ఫ్లాటమ్ అనే శిలీంధ్రం సైక్లోస్పోరిన్ గొలుసును, కణంలో ప్రోటీన్లు అల్లే యంత్రమైన రైబోసోమ్‌పై అల్లదు. 15,281 అమైనో ఆమ్లాల పొడవు, సుమారు 17 లక్షల డాల్టన్ల (ఒక డాల్టన్ దాదాపు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు) బరువు ఉన్న ఒకే ఒక్క ఎంజైమ్ ఆ పని చేస్తుంది. దాని నుంచి వెలువడేది మాత్రం 11 అమైనో ఆమ్లాల చిన్న వలయం, బరువు దాదాపు 1,200 డాల్టన్లు. కొండను తవ్వి ఎలుకను పట్టడమేనని అనిపించవచ్చు గానీ, పనితనం చూస్తే ఆ మాట వెనక్కి తీసుకోవలసిందే. ఎంజైమ్‌లోని ఒక్కో విభాగం తనకు కేటాయించిన అమైనో ఆమ్లాన్ని ఎంచుకుని, కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి, బి5 విటమిన్ నుంచి తయారైన పొడవాటి చేతి చివరనున్న గంధకానికి తగిలిస్తుంది; 11 చోట్లలో ఏడింటి దగ్గర నైట్రోజన్‌కు మిథైల్ అనే చిన్న కార్బన్ గుంపును కూడా అతికించాక, పెరుగుతున్న గొలుసు పక్క విభాగానికి చేరుతుంది. వలయాకారానికి ఈ మిథైళ్లు తోడవడంతో మన జీర్ణరసాలు దానిని సులువుగా కోయలేవు, అందుకే సైక్లోస్పోరిన్‌ను నోటి ద్వారా ఇవ్వగలుగుతున్నారు.

లాక్టోకాకస్ లాక్టిస్ బాక్టీరియా నిసిన్ విషయంలో పొదుపరి. రైబోసోమ్ మామూలుగానే 57 అమైనో ఆమ్లాల గొలుసును అల్లుతుంది. తర్వాత నిస్‌బి అనే ఎంజైమ్ సెరీన్, త్రియోనిన్ అనే అమైనో ఆమ్లాల నుంచి నీటిని తీసేస్తే, నిస్‌సి వాటికి సిస్టీన్ అనే మరో అమైనో ఆమ్లంలోని గంధకాన్ని కలిపి ఐదు ఉంగరాలు బిగిస్తుంది. ఆఖరున, గొలుసు మొదట్లో ఉన్న 23 అమైనో ఆమ్లాల తలభాగం తెగిపోయి 34 మిగులుతాయి.

కొత్త రూపాలు సృష్టించాలనుకునేవారికి నిసిన్ దారే మేలని నా అభిప్రాయం. ఆ రెండు ఎంజైమ్‌లూ ప్రధానంగా ఆ తలభాగాన్ని పట్టుకునే పనిచేస్తాయి గనుక, జన్యువులో మూడక్షరాలు మార్చి అసలు భాగంలో ఒక అమైనో ఆమ్లాన్ని మార్చినా అవి చాలాసార్లు అభ్యంతరం చెప్పవు. సైక్లోస్పోరిన్ ఎంజైమ్ వంటి వాటిలో ఒక విభాగాన్ని మారిస్తే, పక్క విభాగం ఆ గొలుసును అందుకోక పని ఆగిపోవడం పరిపాటి. అయితే మిథైల్ తగిలిన అమైనో ఆమ్లాలు, కుడిఎడమలు తారుమారైన డి-రూపాలు కావాలంటే సాధారణ రైబోసోమ్ వాటిని నేరుగా గుచ్చలేదు. అక్కడ ఎక్కువగా ఆ పెద్ద ఎంజైమ్ వంటి వాటినే ఆశ్రయించాలి. నిసిన్ పేగుల్లోని ఎంజైమ్‌లకు ముక్కలైపోతుంది, మింగే మందుకు అది లోపమే గానీ, చీజ్‌లో కలిపే పదార్థానికి అంతకన్నా కావలసిందేముంది?